సాఫ్ట్ స్కిల్స్‌కి మార్కులు వేయడం ఎలా: ఇంటర్వ్యూలోనూ, అప్రైజల్‌లోనూ

"కమ్యూనికేషన్‌కి పదికి ఎన్ని వేయాలండీ?" కొత్తగా ఇంటర్వ్యూ ప్యానెల్లో కూర్చున్నవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. చివరికి ఏడో ఎనిమిదో వేసేస్తారు. ఏడెందుకు, ఆరెందుకు కాదు అంటే "బాగానే మాట్లాడారు కదా" అంటారు. పక్క కుర్చీలో ఉన్నాయన అదే మనిషికి నాలుగు వేసి ఉంటారు. ఇద్దరూ విన్నది ఒకే అరగంట.

ఈ గైడ్ అంతా ఒక్క అలవాటు చుట్టూ తిరుగుతుంది. మార్కు కంటే ముందు సాక్ష్యం రాయాలి. మనిషి ఏం చేశారో, ఏమన్నారో కాగితం మీద లేకపోతే పక్కన అంకె పడకూడదు. కింద చెప్పినవన్నీ ఆ అలవాటును తేలిక చేసే ఏర్పాట్లే.

## 1. ఏ స్కిల్స్ కావాలో ముందు తేల్చుకోండి

"మంచి కమ్యూనికేషన్, టీమ్ స్పిరిట్, లీడర్‌షిప్, చొరవ, ఒత్తిడిని తట్టుకునే శక్తి." ఏ ఉద్యోగ ప్రకటన తీసినా ఈ ఐదు మాటలే ఉంటాయి. పాత ప్రకటనలోంచి కొత్తదానికి, అందులోంచి ఇంకోదానికి ఎక్కించుకుంటూ వచ్చినవి. వాటిని పక్కన పెట్టి పని దగ్గరికి వెళ్ళండి.

ఆ పని ఇప్పుడు చేస్తున్నవాళ్ళు ఇద్దరు, వాళ్ళ మేనేజర్, వాళ్ళ పని అందుకునే పక్క టీమ్ నుంచి ఒకరు. ఒక్కొక్కరితో ఇరవై నిమిషాలు కూర్చోండి. అడగాల్సినవి రెండే:

- గత ఆరు నెలల్లో ఈ పనిలో ఎవరైనా ఒక చిక్కును చాలా బాగా దాటించిన సందర్భం చెప్పండి. సరిగ్గా ఏం చేశారు?
- పని వచ్చిన మనిషే అయినా వ్యవహారం చెడిన సందర్భం చెప్పండి. ఎక్కడ చెడింది?

పేర్లు అడగొద్దు, సంఘటన చాలు. జాన్ ఫ్లానగన్ అనే సైకాలజిస్టు 1954లో వివరంగా రాసిపెట్టిన పద్ధతి ఇది. "ఈ ఉద్యోగానికి ఏ గుణాలు కావాలి?" అని అడిగితే నీతి పాఠాలు వస్తాయి. "ఏం జరిగింది?" అని అడిగితే పని కనబడుతుంది.

కస్టమర్ సపోర్ట్ టీమ్‌కి లీడ్ కావాలనుకుందాం. పది సంఘటనలు పోగేస్తే అందులో సగం ఇలా ఉంటాయి: షిఫ్ట్ మారేటప్పుడు ఒక వివరం చెప్పడం మరిచిపోయారు, ఆలస్యమవుతుందని తెలిసీ కస్టమర్‌కి చివరిదాకా చెప్పలేదు, కోపంగా ఉన్న మనిషి మాట పూర్తి కాకుండానే జవాబు మొదలెట్టారు. గడగడా మాట్లాడలేకపోవడం వల్ల చెడిన సంఘటన ఒక్కటి కూడా ఉండకపోవచ్చు. మనం ఇంటర్వ్యూలో ఎక్కువ మార్కులు వేసేది మాత్రం దానికే.

సంఘటనల్ని గుంపులు చేసి నాలుగైదు స్కిల్స్ దగ్గర ఆగండి. ఎనిమిది పెట్టుకుంటే ఒక్కదాన్నీ సరిగ్గా చూడలేరు. ఆ నాలుగైదింటిని మళ్ళీ రెండుగా విడదీయండి: చేరిన రోజునే ఉండి తీరాల్సినవి, చేరాక నేర్పగలిగినవి. ఇంటర్వ్యూ సమయమంతా మొదటివాటికే.

## 2. స్కిల్‌ను కంటికి కనబడేలా రాయండి

"టీమ్ ప్లేయర్" కంటికి కనబడదు. "తన పని ఆగిపోతుందని తెలిసిన రోజే పక్కవాళ్ళకి చెబుతారు" అన్నది కనబడుతుంది.

రాసిన ప్రతి వాక్యానికీ ఒక పరీక్ష పెట్టండి. ఆ గదిలో కెమెరా ఉంటే ఇది రికార్డవుతుందా? "పాజిటివ్ యాటిట్యూడ్" రికార్డవదు. "విమర్శ విన్నాక వాదించకుండా, అర్థం కానిది ఒకటి అడిగారు" అన్నది అవుతుంది.

మార్చి రాస్తే ఎలా ఉంటుందో చూడండి:

- వినే గుణం: ఎదుటివారు చెప్పింది తన మాటల్లో తిరిగి చెప్పి, "ఇదేనా మీరంటున్నది?" అని సరిచూసుకుంటారు.
- చొరవ: సమస్య గమనించినప్పుడు ఎవరికి చెప్పాలో వాళ్ళకి చెబుతారు, తన చేతిలో ఉన్నంత చేసి పెడతారు.
- సర్దుకుపోవడం: ప్లాన్ మారినప్పుడు ఏం వదిలేయాలో, ఏం ఉంచాలో మొదట తేల్చుకుంటారు.
- బాధ్యత: తప్పు తనదైతే తనదని చెప్పి, మళ్ళీ జరగకుండా ఏం మార్చారో చెప్పగలరు.

"లీడర్‌షిప్" అనే మాట రాయాలనిపిస్తే మీ ఉద్దేశం ఏమిటో మిమ్మల్ని మీరే అడగండి. పని పంచడమా, ఇద్దరి మధ్య గొడవ తీర్చడమా, పైవాళ్ళకి కాదని చెప్పగలగడమా? మూడూ వేర్వేరు. ఒకటి వచ్చినంత మాత్రాన రెండోది వస్తుందని లేదు.

## 3. మార్కుల కొలబద్ద తయారు చేసుకోండి

పదికి వేసే అలవాటు మానేయండి. ఆరుకీ ఏడుకీ తేడా చెప్పగలిగేవాళ్ళు లేరు. ఐదు చాలు. 1, 3, 5 దగ్గర మనిషి ఎలా ప్రవర్తిస్తారో మాటల్లో రాసిపెట్టుకోండి. 2, 4 మధ్యలో పడేవాళ్ళకి.

"చెడ్డ వార్తను వేళకు చెప్పడం" అనే స్కిల్‌కి నేను వాడే కొలబద్ద ఇది:

- 1: ఎవరో అడిగేదాకా చెప్పలేదు. లేదా చెప్పేటప్పుడు తప్పంతా ఇంకొకరి మీదికి నెట్టారు.
- 3: తనంతట తానే చెప్పారు, కానీ చివరి నిమిషంలో. ఇప్పుడేం చేయబోతున్నారో చెప్పలేదు.
- 5: తెలిసిన వెంటనే చెప్పారు. ఎంత నష్టం, తర్వాతి అడుగు ఏమిటి, మళ్ళీ ఎప్పుడు కబురు చేస్తారు అన్న మూడూ చెప్పారు.

ఇలా ప్రతి స్కిల్‌కీ మూడు వరుసలు. రాయడానికి ఒక పూట పడుతుంది. ఈ పూటను మిగుల్చుకోవాలని చూసినవాళ్ళంతా తర్వాత ప్యానెల్ మీటింగుల్లో అంతకు మూడింతలు వాదించుకోవడం చూశాను.

రాశాక ఒక చిన్న ట్రయల్ వేయండి. ఎవరో ఒక సహోద్యోగిని కూర్చోబెట్టి రెండు ప్రశ్నలడగండి. ప్యానెల్లో ఉండబోయే ముగ్గురూ విడివిడిగా మార్కులు వేయండి. ఒకరు 2, ఇంకొకరు 5 వేస్తే తప్పు కొలబద్దలోని మాటలదే. ఆ మాటల్ని మార్చండి.

## 4. ప్రశ్నలు రాసుకోండి, లోతుగా అడగడం ప్రాక్టీస్ చేయండి

ముందు ఏవి తీసేయాలో చెబుతాను. "మీ బలహీనత ఏమిటి?", "ఐదేళ్ళ తర్వాత ఎక్కడుంటారు?", "టీమ్‌లో బాగా పనిచేస్తారా?" వీటికి జవాబులు అందరి దగ్గరా రెడీగా ఉంటాయి. మూడోదానికి కాదు అన్నవాళ్ళని నేనింతవరకు చూడలేదు.

పనికొచ్చేవి రెండు రకాలు. ఒకటి, జరిగినదాని గురించి: "మీరిచ్చిన మాట నిలబెట్టుకోలేరని తెలిసిన ఒక సందర్భం చెప్పండి. ఏం చేశారు?" రెండోది, జరగబోయేదాని గురించి: "ఇద్దరు మేనేజర్లు ఒకే రోజుకి రెండు పనులు అడిగారు, రెండూ అవ్వవు. ఏం చేస్తారు?" అనుభవం ఉన్నవాళ్ళకి మొదటి రకం ఎక్కువ, కొత్తవాళ్ళకి రెండో రకం ఎక్కువ. కొత్తవాళ్ళని మొదటి రకం అడిగినా పర్వాలేదు, సంఘటన ఉద్యోగంలోనే జరిగి ఉండాలని పట్టుబట్టకండి. కాలేజీ ప్రాజెక్టులో జరిగినదైనా సరే.

ఒక్కో స్కిల్‌కి రెండు ప్రశ్నలు. అందరినీ అవే ప్రశ్నలు, అదే వరుసలో అడగాలి. ఇది యాంత్రికంగా అనిపిస్తుందని చాలామంది మూతి ముడుస్తారు. అయితే ఒక లెక్క చూడండి. పాల్ సాకెట్ అనే సైకాలజిస్టు, ఆయన సహచరులు 2022లో పాత పరిశోధనల ఫలితాల్ని మళ్ళీ లెక్కగట్టారు. ఇంటర్వ్యూ మార్కులకీ, తర్వాత ఉద్యోగంలో పనితీరుకీ ఉన్న పొంతన, ఒకే ప్రశ్నలతో పద్ధతిగా సాగిన ఇంటర్వ్యూల్లో 0.42 వచ్చింది. నోటికొచ్చింది అడుగుతూ పోయినవాటిలో 0.19. సున్నా అంటే సంబంధమే లేదు, ఒకటి అంటే పూర్తిగా సరిపోయింది అని అర్థం.

ప్రశ్న కంటే దాని వెనక అడిగే చిన్న ప్రశ్నలే ముఖ్యం. ఒక ఇంటర్వ్యూ ముక్క చూడండి. ప్రశ్న, మాట నిలబెట్టుకోలేని సందర్భం గురించి.

"మా టీమ్‌లో ఒకసారి డెలివరీ లేటయ్యే పరిస్థితి వచ్చిందండి. మేమంతా కూర్చుని మాట్లాడుకుని, క్లయింట్‌ని ఒప్పించి, సక్సెస్‌ఫుల్‌గా పూర్తి చేశాం."

ఇక్కడే ఆగి 4 వేసేసేవాళ్ళు బోలెడు మంది. నిజానికి ఇందులో మార్కు వేయడానికి ఏమీ లేదు. "మేం" అనే మాట చాటున ఎవరేం చేశారో తెలియదు. కొంచెం లాగితే:

"లేటవుతుందని మీకెప్పుడు తెలిసింది?"

"గురువారం."

"డెడ్‌లైన్ ఎప్పుడు?"

"సోమవారం పొద్దున."

"క్లయింట్‌కి ఎవరు చెప్పారు, ఎప్పుడు?"

"నేనే. ఆదివారం సాయంత్రం మెయిల్ పెట్టాను."

"మధ్యలో మూడు రోజులు ఏం జరిగింది?"

"శుక్రవారం మా మేనేజర్‌కి చెప్పాను. ఆగండి, అయిపోతుందేమో చూద్దాం అన్నారు. చెప్పేస్తేనే మంచిదనిపించింది కానీ గట్టిగా అనలేకపోయాను."

"మెయిల్‌లో ఏం రాశారు?"

"రెండు రోజులు పడుతుంది, సారీ అని."

"తర్వాత ఏమైనా మార్చారా?"

"ఇప్పుడు ప్రతి బుధవారం ఏవి లేటయ్యేలా ఉన్నాయో లిస్టు రాసి మేనేజర్‌కీ క్లయింట్‌కీ ఇద్దరికీ పంపుతున్నానండి. అడగకముందే."

రెండు నిమిషాలు కూడా పట్టలేదు. పై కొలబద్ద ప్రకారం చెడ్డ వార్త చెప్పడంలో ఇది 3. తనే చెప్పారు, కానీ చివర్లో చెప్పారు, తర్వాతి అడుగేమిటో రాయలేదు. తప్పు నుంచి నేర్చుకోవడంలో మాత్రం 5కి దగ్గర. మొదటి జవాబుకే మార్కులు వేసి ఉంటే రెండింటికీ తప్పు అంకెలే పడేవి.

బట్టీ పట్టిన జవాబులు, ఏఐతో రాయించుకున్న జవాబులు కూడా ఇక్కడే తేలిపోతాయి. ఏ రోజు, ఎవరితో, ఏ మాటతో అన్న మూడో మెట్టు దగ్గర కట్టుకథకి ఊపిరి ఆడదు. అలాగని పోలీసు విచారణలా అడగొద్దు. "అర్థం చేసుకుందామని అడుగుతున్నాను" అని ముందే చెబితే ఎదుటివారికి టెన్షన్ తగ్గుతుంది.

పెళ్ళి, పిల్లలు, వయసు, ఆరోగ్యం, నమ్మకాలు: ఇవి మాటల్లో మాటగా కూడా అడగొద్దు. పనికి సంబంధం లేదు, చాలాచోట్ల చట్టం కూడా ఒప్పుకోదు.

## 5. చేయించి చూడండి

చెప్పింది వినడం కంటే చేసింది చూడటం నయం. మొత్తం అరగంటలో అయ్యే ఒక చిన్న పని ఇవ్వండి.

నాకు బాగా పనికొచ్చింది ఇది. అభ్యర్థికి ఒక పేజీ కాగితం ఇస్తాం. అందులో ఒక కస్టమర్ ఫిర్యాదు ఉంటుంది. కావాలనే ఒక ముఖ్యమైన వివరం రాయకుండా వదిలేస్తాం. ఉదాహరణకు, ఆ కస్టమర్‌కి ఇంతకుముందు ఏం మాటిచ్చారో అన్నది. ఐదు నిమిషాలు చదువుకుంటారు. తర్వాత ప్యానెల్లో ఒకరు కస్టమర్‌గా ఫోన్లో మాట్లాడినట్టు పది నిమిషాలు మాట్లాడతారు. చూసేవి మూడే: లేని వివరం అడిగారా, మాట మధ్యలో అందుకున్నారా, చివర్లో ఏం జరగబోతోందో చెప్పి ముగించారా.

అక్కడితో ఆపకండి. ఒకే ఒక్క సూచన ఇవ్వండి: "కస్టమర్ రెండుసార్లు గడువు గురించి అడిగారు, మీరు జవాబివ్వలేదు." రెండు నిమిషాలు ఆలోచించుకోనిచ్చి, చివరి ముక్క మళ్ళీ చేయించండి.

ఆ రెండో ప్రయత్నమే అసలు సరుకు. మొదటిసారి తడబడి, రెండోసారి సూచనను పట్టుకుని మార్చుకున్నవాళ్ళున్నారు. మొదటిసారి అదరగొట్టి, సూచన విన్నాక "నేను చెప్పాను కదండీ" అని వాదించినవాళ్ళూ ఉన్నారు. నేర్చుకునే గుణం ఉందా అని నోటితో అడిగి తెలుసుకోవడం ఎంత వృథానో అప్పుడు అర్థమవుతుంది.

జాగ్రత్తలు:

- కస్టమర్‌గా నటించేవాళ్ళకి రాతలో స్క్రిప్టు ఉండాలి. ఒకరి మీద అరిచి, ఇంకొకరితో మెత్తగా మాట్లాడితే పోలిక చెడుతుంది.
- ఇది రోల్‌ప్లే అని ముందే చెప్పాలి. ఉన్నట్టుండి అరిచి ఒత్తిడిలో ఎలా ఉంటారో చూస్తామనే పద్ధతి మానేయండి. దాంతో మీ సంస్థ పేరు చెడటం తప్ప తెలిసేదేమీ లేదు.
- మీ అసలు పనిని పరీక్ష పేరుతో ఉచితంగా చేయించుకోవద్దు. గంటకు మించే పని అయితే డబ్బు ఇవ్వండి.

## 6. ఇంటర్వ్యూ రోజు వరుస

1. మొదటి ఐదు నిమిషాలు మార్కుల్లేని మాటలు. ఇంటర్వ్యూ ఎలా సాగుతుందో, నోట్స్ రాసుకుంటామని, మధ్యలో ఆగి ఆలోచించుకోవచ్చని చెప్పండి.
2. ఒకరు అడగాలి, ఒకరు రాయాలి. ప్రశ్న మారినప్పుడు పాత్రలు మార్చుకోవచ్చు.
3. ప్రశ్న అడిగాక మౌనంగా ఉండండి. పది సెకన్ల నిశ్శబ్దాన్ని మనం భరించలేక "అంటే, ఉదాహరణకి..." అని జవాబు అందించేస్తాం.
4. నోట్స్‌లో వాళ్ళ మాటలే రాయండి. "కాన్ఫిడెంట్‌గా ఉన్నారు" అన్నది తీర్పు. "'గట్టిగా అనలేకపోయాను' అన్నారు" అన్నది సాక్ష్యం.
5. చివర పది నిమిషాలు వాళ్ళ ప్రశ్నలకి వదలండి. వాటికి మార్కులు వేయొద్దు.

వీడియో కాల్ అయితే ఇంకొకటి. మాట ఆలస్యంగా చేరుతుంది, కాబట్టి మధ్యలో అడ్డుపడ్డట్టు అనిపించినదాన్ని వినే గుణం లేకపోవడంగా రాయొద్దు. కెమెరాలోకి సూటిగా చూడకపోవడాన్ని కూడా అంతే. ఎదురుగా కూర్చున్నప్పుడూ కళ్ళలోకి చూడనివాళ్ళు ఉంటారు. కొందరికి అది స్వభావం, కొందరికి పెరిగిన పద్ధతి.

## 7. మార్కులు వేసే పద్ధతి

అభ్యర్థి బయటికి వెళ్ళగానే ప్యానెల్లో ఒకరు "ఎలా అనిపించింది?" అంటారు. ఆ మాట అనకూడదు. ఎవరి కాగితం వాళ్ళు తీసుకుని, మాట్లాడుకోకుండా పది నిమిషాల్లో మార్కులు వేసేయాలి. సాయంత్రానికి వాయిదా వేస్తే ఆఖరున వచ్చినవాళ్ళే గుర్తుంటారు.

వరుస ఇదీ:

- నోట్స్ చదివి, స్కిల్ పక్కన సాక్ష్యం ఒక వాక్యంలో రాయాలి.
- కొలబద్దలో ఏ వరుసకి దగ్గరో చూసి అంకె వేయాలి.
- సాక్ష్యం లేకపోతే అంకె బదులు "చూడలేదు" అని రాయాలి. తెలియనప్పుడు 3 వేయడం దొంగలెక్క.
- అన్ని స్కిల్స్ అయ్యాకే మాట్లాడుకోవాలి.

మాట్లాడేటప్పుడు అందరికంటే చిన్న హోదాలో ఉన్నవాళ్ళు ముందు చెప్పాలి. పెద్ద మేనేజర్ ముందు నోరు విప్పితే మిగతా మార్కులు ఆయన వైపే జరుగుతాయి. ఒకే స్కిల్‌కి రెండు మార్కులో అంతకన్నా ఎక్కువో తేడా వస్తే అక్కడ ఆగి సాక్ష్యాలు చదువుకోండి. "నాకెందుకో నచ్చలేదు" అన్న మాట వస్తే, దేన్ని చూసి అలా అనిపించిందో చెప్పమనండి. చెప్పగలిగితే రాయండి, లేదంటే వదిలేయండి.

సగటు తీసి చేతులు దులుపుకోవద్దు. తప్పనిసరి స్కిల్‌లో 1 వచ్చిన మనిషిని మిగతావాటిలో 5లు వచ్చాయని తీసుకుంటే, ఆ 1 ఉద్యోగంలో చేరిన నెలలోనే ఎదురొస్తుంది. తప్పనిసరి స్కిల్స్‌కి కనీస మార్కు ముందే పెట్టుకోండి.

## 8. రిఫరెన్స్ కాల్

అంటే అభ్యర్థితో ఇంతకుముందు పనిచేసినవాళ్ళకి ఫోన్ చేసి అడగడం. అభ్యర్థికి చెప్పి, ఒప్పుకున్నాకే చేయండి. "ఎలాంటి మనిషి?" అంటే "చాలా మంచివారు" అంటారు, ఫోన్ పెట్టేస్తారు. ఇంటర్వ్యూలో విన్న సంఘటన మీద అడగండి: "ఆలస్యం గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు ఎలా చెప్పేవారు? ఒక సందర్భం గుర్తుందా?" ఇంకొకటి: "ఈ మనిషి బాగా పనిచేయాలంటే మేనేజర్‌గా నేనేం చేయాలి?" దీనికి నిజాయితీగా జవాబు చెప్పడం తేలిక, అందుకే వివరాలు వస్తాయి.

## 9. ఇప్పటికే ఉన్న ఉద్యోగుల విషయంలో

ఇక్కడ చూడటానికి అరగంట కాదు, ఏడాదంతా ఉంది. అయినా అప్రైజల్ (ఏడాది పనితీరుకి మార్కులు వేసే) ఫారం నింపే రోజున గుర్తొచ్చేవి ఆఖరి మూడు వారాలే.

సంఘటనల పుస్తకం పెట్టండి. టీమ్‌లో ఒక్కొక్కరికి ఒక పేజీ. వారానికోసారి పది నిమిషాలు. తేదీ, సందర్భం, ఏం చేశారు, దాంతో ఏమైంది. మంచివీ రాయాలి, చెడ్డవీ రాయాలి. ఒకరి పేజీ నెలంతా ఖాళీగా ఉంటే అది వాళ్ళ గురించి చెప్పే విషయం కాదు. మీరు వాళ్ళ పని చూడటం లేదని. ఇంటి నుంచి పనిచేసేవాళ్ళ పేజీలు తరచూ ఇలాగే ఖాళీగా ఉంటాయి.

ఒక ఎంట్రీ ఎలా ఉండాలి? "మార్చి 12. రివ్యూ మీటింగ్. డిజైన్‌లో లోపం ఉందని పక్క టీమ్ అన్నప్పుడు, ముందు వాళ్ళ ఉదాహరణ అడిగారు, అక్కడే చేసి చూశారు, లోపం నిజమేనని ఒప్పుకున్నారు. మర్నాటికి మార్చిన డిజైన్ పంపారు." ఇలాంటివి ఏడాదికి పది పన్నెండు ఉంటే అప్రైజల్ ఫారం తనంతట తానే నిండుతుంది.

చుట్టూ ఉన్నవాళ్ళని అడగండి, కానీ అంకెలు అడగొద్దు. స్కల్లెన్, మౌంట్, గాఫ్ అనే ముగ్గురు పరిశోధకులు 2000లో మేనేజర్ల రేటింగ్‌లను విడదీసి చూశారు. ఆ అంకెల్లోని తేడాల్లో సగానికి పైగా రేటింగ్ ఇచ్చిన మనిషి తీరును బట్టి వచ్చినవే. పనిచేసిన మనిషిని బట్టి వచ్చినవి అంతకంటే తక్కువ. అంటే ధారాళంగా వేసేవాళ్ళు అందరికీ ధారాళంగానే వేస్తారు, పిసినారులు అందరికీ పిసినారితనమే చూపిస్తారు. అందుకే తోటివాళ్ళకి మూడు ప్రశ్నలు చాలు: ఈ మనిషి చేసిన ఏ పని మీకు సాయపడింది? ఏ పని మిమ్మల్ని ఆపింది? ఏది మారిస్తే మీ పని తేలికవుతుంది? మూడింటికీ సంఘటన అడగండి.

సొంత అంచనా తీసుకోండి, దాన్నే నమ్ముకోవద్దు. డేవిడ్ డన్నింగ్, జస్టిన్ క్రూగర్ 1999లో చేసిన ప్రయోగాల్లో, పరీక్షలో అట్టడుగున ఉన్నవాళ్ళు కూడా తాము సగటు కంటే మెరుగని అనుకున్నారు. సొంత అంచనాకీ మీ పుస్తకానికీ ఎక్కడ తేడా వచ్చిందో అదే మాట్లాడాల్సిన చోటు.

మనిషిదా, పరిస్థితిదా? మార్కు తగ్గించే ముందు ఒకసారి చూసుకోండి. "వివరాలు పక్క టీమ్‌కి చెప్పరు" అని రాశారు. అసలు చెప్పడానికి ఒక మీటింగ్ ఉందా? మూడు ప్రాజెక్టుల మధ్య నలుగుతున్నారా? అదే కుర్చీలో ఇంతకుముందు కూర్చున్నవాళ్ళకీ ఇదే రిమార్కు పడి ఉంటే లోపం కుర్చీలో ఉంది.

చెప్పేటప్పుడు గుణం మీద కాకుండా సంఘటన మీద మాట్లాడండి. "మీరు టీమ్‌లో కలవరు" అంటే గొడవే. "గత నెల రెండు రివ్యూల్లో మార్పులు మీటింగ్‌లోనే మొదటిసారి చెప్పారు. టెస్టింగ్‌వాళ్ళు రెండుసార్లూ పని మళ్ళీ చేయాల్సి వచ్చింది. ముందురోజు ఒక మెసేజ్ పెట్టడానికి ఏం అడ్డొస్తోంది?" అంటే జవాబు వస్తుంది. కొన్నిసార్లు ఆ జవాబులో మన తప్పే బయటపడుతుంది. వినడానికి సిద్ధపడి వెళ్ళండి.

వీలైతే ఈ మాటల్నీ, జీతం పెంపు మాటల్నీ వేర్వేరు రోజుల్లో పెట్టండి. జీతం ఎదురుగా ఉన్నప్పుడు ఎవరూ తప్పు ఒప్పుకోరు.

## 10. తరచూ జరిగే పొరపాట్లు, సర్దుకునే దారి

ఒక మంచి గుణం మిగతావాటిని కమ్మేయడం. ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1920లోనే దీన్ని చూపించారు. సైనికాధికారుల రేటింగ్‌లలో దేహదారుఢ్యం బాగుందన్నవాళ్ళకే తెలివి, నాయకత్వం, నడవడిక కూడా బాగున్నట్టు మార్కులు పడ్డాయి. మన దగ్గర దేహదారుఢ్యం స్థానంలో మాటకారితనం ఉంది. దారి: ఒక మనిషి ఫారం మొత్తం ఒకేసారి నింపకుండా, ముందు అందరికీ మొదటి స్కిల్, తర్వాత అందరికీ రెండో స్కిల్ వేయండి. ఇంటర్వ్యూల్లో అప్పటికప్పుడు వేయాలి కాబట్టి ఇది కుదరదు. అప్రైజల్‌లో చక్కగా కుదురుతుంది.

నేనూ ఇందులో పడ్డాను. ఒకసారి గంటసేపు నవ్విస్తూ మాట్లాడిన అభ్యర్థికి అన్నిట్లోనూ 5లు వేశాను. నోట్స్ తీసి చూస్తే "భలే మాట్లాడతారు" అన్నది తప్ప ఇంకేమీ లేదు. చేరిన రెండో నెలలో తెలిసింది, ఆ మాటల ధార ఆగితే గానీ ఎదుటివాళ్ళకి చోటు దొరకదని. అదే వారం ఆచితూచి మాట్లాడిన ఇంకొకరిని వద్దనుకున్నాం. ఆ నోట్స్ నిండా సంఘటనలున్నాయి.

మనలాంటివాళ్ళు నచ్చడం. అదే కాలేజీ, అదే ఆట పిచ్చి. "మన కల్చర్‌కి సరిపోతారు" అనే మాట దీనికి ముసుగు. దారి: ఆ మాట ఎవరన్నా అంటే, సెక్షన్ 2లోలా ప్రవర్తనగా మార్చి చెప్పమనండి.

యాసనీ వ్యాకరణాన్నీ కమ్యూనికేషన్ అనుకోవడం. రెండో భాషలో తప్పులతో మాట్లాడినా విషయం స్పష్టంగా చెప్పేవాళ్ళుంటారు. దారి: "విన్నాక ఏం చేయాలో నాకు తెలిసిందా?" అని చూడండి. పనికి నిజంగా ఆ భాష మీద పట్టు కావాలంటే, దానికి విడిగా పరీక్ష పెట్టండి.

పర్సనాలిటీ టెస్టుతో సరిపెట్టడం. నాలుగక్షరాల టైపు ఇచ్చే మైయర్స్-బ్రిగ్స్ పరీక్షను ఉద్యోగాల ఎంపికకు వాడకూడదని దాన్ని నడిపే ఫౌండేషనే చెబుతుంది. మిగతా టెస్టులైనా అంతే జాగ్రత్త: ఈ పనికి సంబంధం ఉందని ఆధారం చూపించమని అడగండి. చూపించలేకపోతే కొనొద్దు.

అందరికీ 3లే. గొడవ తప్పించుకోవడానికి వేసే మార్కు ఇది. దారి: ప్రతి 3 పక్కనా సాక్ష్యం రాయాలన్న నియమం పెడితే సగం 3లు 2గానో 4గానో మారతాయి.

మౌనాన్ని లోపమనుకోవడం. మీటింగ్‌లో మాట్లాడనివాళ్ళు మీటింగ్ అయ్యాక రాసి పంపే నోట్ చదివారా? ఇంటర్వ్యూలో అయితే ప్రశ్నల్లో రెండు ముందురోజే పంపి చూడండి. తడుముకునేవాళ్ళ నుంచి కూడా అసలు విషయం బయటికి వస్తుంది.

## 11. ఆరు నెలల తర్వాత కాగితాలు మళ్ళీ తీయండి

చేరినవాళ్ళ ఇంటర్వ్యూ మార్కుల్ని, సంఘటనల పుస్తకంలోని వాళ్ళ పేజీని పక్కపక్కన పెట్టండి. అరగంట పని. చూడాల్సినవి:

- ఏ ప్రశ్నకి వచ్చిన మార్కు తర్వాతి పనితీరుతో కలిసింది? దాన్ని ఉంచండి.
- ఏ ప్రశ్నకి అందరికీ 4లే వచ్చాయి? దాన్ని తీసేయండి, అది ఎవరినీ విడదీయడం లేదు.
- ఇంటర్వ్యూలో చూడని ఏ స్కిల్ వల్ల పని ఆగింది? దానికి కొలబద్ద రాయండి.
- ప్యానెల్లో ఎవరి మార్కులు ఎప్పుడూ మిగతావాళ్ళ కంటే ఎక్కువో తక్కువో ఉంటున్నాయి? వాళ్ళతో కూర్చుని రెండు పాత జవాబులకి కలిసి మార్కులు వేయండి.

నలుగురైదుగురి ఫలితాలు చూసి లెక్కలు తేల్చేయకండి. ప్రశ్నల షీట్ మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి, తర్వాతి బ్యాచ్‌లో కూడా అదే కనబడితే అప్పుడు మార్చండి.

మొదటిసారి ఇవన్నీ చేయడం కష్టమనిపిస్తే మూడింటితో మొదలెట్టండి: ఒక్క స్కిల్‌కి కొలబద్ద, దానికి రెండు ప్రశ్నలు, మాట్లాడుకోకముందే విడివిడిగా మార్కులు. వచ్చే వారం ఇంటర్వ్యూ ఉంటే ఇవాళ సాయంత్రానికి ఇంత సిద్ధమైపోతుంది.